పసుపు పెట్టిన డిస్కు

“గోడ దిక్కు తిరిగి ఇంక ఎంతసేపు పండుకుంటవు? లే! లేచి రెండు ముద్దలు తిను. నువ్వు ఉపాసం ఉంటే నీ సాహెబ్ కడుపేం మాడదు!”

రత్నాబాయి గొంతు వినబడగానే గ్యాలరీలో బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. కామాటిపురాలోని ఆ ఒంటిగది ఇళ్ళ చాల్‌కు గోడలున్నాయన్న పేరే గాని, ఒక ఖోలీలో దగ్గితే నాలుగు ఖోలీల వాళ్ళు మందు చెబుతారు. నిన్న వర్లి ఆఫీసులో బాలనర్సయ్యను సాహెబ్ భుజం పట్టి బయటికి నెట్టిన సంగతి, ఆయన ఇల్లు చేరకముందే చాల్‌కు చేరిపోయింది.

బాలనర్సయ్య లేవలేదు. పళ్ళెంలో అన్నం ఎండిపోతోంది.

రత్నాబాయికి మొగుడి మీద కోపం చాలలేదు. మిగిలిన కోపాన్ని కూతురి మీదికి తిప్పింది.

“నువ్వు గూడ గా ఆఫీసుల్నే ఉంటివి గదనే! బీయెస్సీ జదివినవు, కంప్యూటర్ జదివినవు. అందరు నీ తండ్రి మీద పడి తిడుతుంటే నీ నోట్లె ఏం పెట్టుకున్నవు? ‘ఈయన మా నాయిన’ అని ఒక్క మాట చెప్తే నీ నోకరీ పోతదా?”

“గప్ బస్, ఊకో అవ్వా,” అంది భూదేవి. “బయట అందరు వింటున్నరు.”

“విననీ! గా ఆఫీసోళ్ళు వినకపాయె, వీళ్ళన్న విననీ.”

భూదేవి తండ్రి పళ్ళెం మీద మూత పెట్టింది. తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండేళ్ళ కింద ఆ కంపెనీలో ఉద్యోగం దొరికినప్పుడు తండ్రే పక్కకు పిలిచి చెప్పాడు, ఆఫీసులో నన్ను ఎరగనట్టే ఉండు బిడ్డా అని. ఆ బిల్డింగు కడుతున్నప్పుడు ఇటుకలు మోసినవాడు ఆయన. కట్టడం పూర్తయ్యాక అందులోనే ప్యూనుగా కుదిరాడు. కంప్యూటర్ గది తుడవడం, రికార్డులు దాచే పళ్ళెమంత డిస్కుల్లో అడిగినదాన్ని అరలోంచి దించి ఇవ్వడం, చాయ్ తేవడం ఆయన పని. ప్యూను కూతురంటే చులకన, అందులోనూ సానివాడలకు పేరుపడ్డ కామాటిపురా అంటే మగవాళ్ళ చూపే మారిపోతుందని ఆయన భయం. అందుకని ఆఫీసు కాగితాల్లో దాదర్‌లోని పిన్ని ఇంటి అడ్రసు రాయించారు. ఆఫీసులో అందరికీ ఆమె మిస్ దేవి.

మొదట్లో తండ్రి పోరు పడలేకే ఒప్పుకుంది. తర్వాత్తర్వాత అది హాయిగానే అనిపించింది. తండ్రి మాట వింటున్నానన్న పేరు మీద తన సిగ్గును తాను దాచుకుంది. నిన్న ఆ సాహెబ్, శంకర్రావు సార్, తండ్రి మీద అరుస్తున్నప్పుడు కూడా తలెత్తకుండా తన టెర్మినల్ వైపే చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

“దాన్నేం అనకు,” అన్నాడు బాలనర్సయ్య గోడ వైపు నుంచే. “తప్పు నేను జేసిన. రేపు రికార్డులు పోయిన ఆసుపత్రోళ్ళు వస్తరు. వాళ్ళ ముంగట ఒప్పుకుంట.”

“ఏమని ఒప్పుకుంటవు?”

“పసుపు నా చేతుల నుంచే డిస్కు లోపలికి పడ్డదని. ఒప్పుకుంటే పని ఒక్కటే పోతదట. ఒప్పుకోకుంటే పోలీస్ చౌకీ.”

రత్నాబాయి గడపలో కూలబడింది. ఇంతసేపు అరిచిన మనిషి ఒక్కసారి చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. దానికంటే అరుపులే నయమనిపించింది భూదేవికి.

పక్క ఖోలీ రాజవ్వ గిన్నెలో చారు పట్టుకొని వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, గిన్నె పొయ్యి పక్కన పెట్టింది. “దసర నాడు పనిముట్టుకు బొట్టు పెడితే పోలీసుల కిస్తరా? ఏం మనుషులే తల్లీ వాళ్ళు! నా పెనిమిటి తాపీకి పెట్టిండు, గుండుదారానికి పెట్టిండు. ఏ గోడా కూలలే,” అని గొణుక్కుంటూ పోయింది.

బాలనర్సయ్య చేసింది అదే. శుక్రవారం దసరా. ఆఫీసుకు సెలవైనా ఆయన తుడవడానికి పోయాడు. ఆయన తాతలూ తండ్రులూ ఆ రోజు తాపీలనూ పారలనూ కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పడుకోబెట్టినవాళ్ళు. ఆ పూట పనిముట్టును పనిలో ఉంచడం పాపం. ఉంచితే అది ఎదురు తిరుగుతుందని వాళ్ళ నమ్మకం. తన చేతికి తాపీ లేదు, డిస్కు ఉంది. దానికీ విశ్రాంతి ఇవ్వాలి కదా అని మెషీన్‌లోంచి తీశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ దాని చోట పెడదామనుకుంటే ఆపరేటర్లు ఆయన కంటే ముందే వచ్చి పని మొదలుపెట్టారు. కాసేపటికి మెషీన్ కుప్పకూలింది. అప్పుడే ఇంకో డిస్కు మీద రాస్తున్న ఆసుపత్రి రోగుల రికార్డులు చెదిరిపోయాయి. వెతగ్గా వెతగ్గా ఆయన తీసిన డిస్కు ఆఫీసు మూలలోని అమ్మవారి పటం ముందు, ఒంటి నిండా పసుపు కుంకుమలతో కనబడింది. చదువుకున్న వాళ్ళకు పసుపు కనబడితే ఇక వేరే ఏదీ కనబడదు. పొడి డిస్కు లోపల పడిందని ఎవరో అన్నారు. అందరూ ఆ మాటే పట్టుకున్నారు.

భూదేవి కూడా పట్టుకుంది. అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది. నిన్నటి నుంచి తండ్రిని జాలిగా చూసింది, కోపంగా చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు.

వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

“నాయినా, డిస్కు తీసినప్పుడు మెషీన్ నడుస్తుండెనా?”

“లే బిడ్డా. అంత బంద్ ఉండె.”

“మూత తీసినవా?”

బాలనర్సయ్య ఇటు తిరిగాడు. ఆయన ముఖంలో మొదటిసారి కోపం కనబడింది. “మూత ఎందుకు తీస్త? అది తియ్యద్దని నాకు ఎరుక లేదా? ఇన్నేండ్ల సంది మోస్తున్న. మూత బిగించి, మూత మీదనే పెట్టిన బొట్టు.”

“మరి డిస్కు ఉండే జాగల ఏం పెట్టినవు?”

“ఏం పెడ్త? ఖాలీ. మల్ల తెచ్చి పెడ్దామనుకున్న, వాళ్ళు పెట్టనిస్తే గదా.”

“వాళ్ళు మెషీన్ నడిపినప్పుడు ఆ జాగ ఖాలీనే ఉండెనా?”

“ఖాలీనే. లోపల ఏం లేదు.”

భూదేవి లేచి నిలబడింది. డిస్కు అక్కడ లేనే లేదు. లేని డిస్కులో పసుపు ఎట్లా పడుతుంది? పోనీ లేదే అనుకుందాం. డిస్కు లేనంత మాత్రాన మెషీన్ ఎందుకు చావాలి? ‘లేదు’ అని చెప్పి ఊరుకోవాలి కదా!

“ఏడికి పోతున్నవే, ఆదివారం పూట?” అంది రత్నాబాయి ముక్కు తుడుచుకుంటూ.

“ఆఫీసుకు.”

“చెప్తవా సాహెబ్‌కు? మా నాయిన అని చెప్తవా?”

“చెప్పద్దు!” బాలనర్సయ్య లేచి కూర్చున్నాడు. “నా పాణం మీద ఒట్టు బిడ్డా. ఏమన్న చెయ్యి, గది మాత్రం చెప్పకు.”

తల్లి ఒక వైపు, తండ్రి ఒక వైపు. భూదేవి ఎవరికీ జవాబు చెప్పకుండా చెప్పులేసుకుంది. ఫాక్‌లాండ్ రోడ్డు దాటి బస్సెక్కేదాకా వెనక్కి చూడలేదు.

*

ఆదివారం ఆఫీసులో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నపు ఎండలో సముద్రం వైపు కిటికీలు మెరుస్తున్నాయి. మిగతా వాళ్ళ పనికి నష్టం రాకుండా భూదేవి రికార్డుల డిస్కును విప్పి పక్కన పెట్టింది. మెషీన్‌ను నడిపించే సిస్టమ్ డిస్కుకు ఒక నకలు తీసి, దానితో మెషీన్ నడిపింది. నిన్నటిలాగే మెషీన్‌లో డిస్కు పెట్టే రెండో గదిని ఖాళీగా వదిలింది. ఆపరేటర్లు రోజూ ఇచ్చే ఆజ్ఞనే ఇచ్చింది, ఆ గదిలోని డిస్కును మౌంట్ చెయ్యమని.

తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. మెషీన్ ఆగిపోయింది.

పసుపు లేదు, కుంకుమ లేదు, తండ్రి లేడు. అయినా ఆగిపోయింది. భూదేవికి ఏడుపొచ్చింది, దాని వెంటే నవ్వూ వచ్చింది.

ఇక మిగిలింది కారణం. మౌంట్ చేయడమంటే డిస్కును మెషీన్‌కు అప్పగించడం. ‘ఇందులోని ఫైళ్ళు ఇకనుంచి ఇక్కడ దొరుకుతాయి’ అని చెప్పడం. చెప్పగానే మెషీన్ ఆ డిస్కు మొదటి భాగాన్ని చదివి, మెమరీలో ఎక్కడ పెట్టిందో ఆ చిరునామా తెచ్చి ఇవ్వాలి. డిస్కే లేకపోతే చిరునామాకు బదులు సున్నా తెస్తుంది. ఏమీ దొరకలేదని చెప్పే పద్ధతి అది. ప్రోగ్రాం మాత్రం ఆ మాట చెవిన పెట్టకుండా, సున్నానే ఇంటి నంబరు అనుకొని, పోయి ఆ తలుపు తోసేది.

ఆఫీసులో ఇదివరకున్న పాత మెషీన్ మంచిది, ఓపికగలది. సున్నా దగ్గర ఏదో చెత్త చదివి, ఇది డిస్కు కాదులే అని వెనక్కి వచ్చేసేది. కొత్త మెషీన్‌కు ఆ ఓపిక లేదు. అక్కడ కాలు పెట్టగానే ఉన్నపళంగా అన్నీ ఆపేస్తుంది. ఇన్నాళ్ళూ బయటపడలేదెందుకంటే, ఆ గది ఏనాడూ ఖాళీగా లేదు. దసరా సెలవుల్లో కూడా డిస్కు దాని చోటనే ఉండేది. ఈ ఏడే ఒక మనిషికి దాన్ని పడుకోబెట్టాలని బుద్ధి పుట్టింది.

ప్రోగ్రాంలో ఆ భాగం పైన, దాన్ని పాత మెషీన్ నుంచి కొత్తదానికి మార్చిన వారి పేరుంది. శంకర్రావు.

ఆయన చెడ్డవాడు కాదు. తెలుగమ్మాయి అని ఇష్టంగా పని నేర్పినవాడు. దాదర్ తెలుగు సంఘంలో ఉగాదికి కవులను పిలిపించి శాలువాలు కప్పేవాడు. తప్పు ఎవరైనా చేస్తారు, చూపిస్తే ఆయనే ముందు నవ్వుతాడనుకుంది.

దిద్దడానికి పెద్ద పనేమీ లేదు. ముందు వచ్చింది సున్నానా కాదా అని చూడాలి. సున్నా అయితే, డిస్కు లేదని చెప్పి వెనక్కి రావాలి. అంతే. రాసింది, నడిపింది. ఈసారి మెషీన్ ఆగలేదు. డిస్కు లేదని మర్యాదగా చెప్పి, తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు.

దిద్దినదాన్ని పాతదాని మీదే రాసేసింది. నకలును కూడా చెరిపి ఆ డిస్కును తిరిగి అరలో పెట్టింది. ఆ ఆఫీసులో అందరూ చేసేదే అది, రెండు ప్రతులు ఉంచుకునే చోటు వాళ్ళకు ఎప్పుడూ ఉండదు. పాత ప్రోగ్రాం టేపు శంకర్రావు బీరువాలో ఉండనే ఉంది.

తండ్రి గెలిచాడనుకుంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికెళ్ళి చెప్పబోయే మాటలు మనసులోనే నాలుగు రకాలుగా చెప్పుకుంది.

*

సోమవారం శంకర్రావుకు చూపించడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఆయన తెలివిగలవాడు. రెండో వాక్యం దగ్గరే అర్థమైపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

నవ్వలేదు.

“బాగా పట్టుకున్నావమ్మా దేవీ,” అన్నాడు చివరికి. “చాలా మంచి పని చేశావు. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.”

“ఆసుపత్రి వాళ్ళకు చెప్పరా సార్?”

“ఏం చెప్పమంటావు? మా ప్రోగ్రాంలోనే లోపముంది, మీ రికార్డులు మా చేతుల్లోనే పోయాయి అనా? వాళ్ళు రేపటి నుంచి ఈ గడప తొక్కరు. నీకూ నాకూ ఇక్కడ కుర్చీ ఉండదు.” గొంతు తగ్గించాడు. “పసుపు పడిందంటే వాళ్ళు నమ్మారు. ముసలాయన ఒప్పుకుంటానంటున్నాడు. పోలీసులూ వద్దులే. ఇంటికి పంపించేద్దాం. అయిపోతుంది.”

“ఆయన తప్పు లేదు సార్.”

“డిస్కు తీసింది అతనే కదా?”

“తీస్తే మెషీన్ ఆగకూడదు కదా సార్. తీసినందుకు చీవాట్లు పెట్టండి. చెయ్యని పని మీద ఎందుకు వేస్తారు?”

శంకర్రావు ఆమెను ఆశ్చర్యంగా చూశాడు. రెండేళ్ళలో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం ఆయన వినలేదు.

“వాళ్ళ సంగతి నీకు తెలియదమ్మా. కామాటిపురా జనం. ఇవాళ ఇక్కడ పోతే రేపు ఇంకెక్కడో ఇటుకలు మోసుకుంటారు. వాళ్ళకు పరువేమిటి, పేరేమిటి? మన దాదర్ వాళ్ళలాగా కాదు.”

ఒట్టు గుర్తొచ్చింది భూదేవికి. గోడ వైపు తిరిగి పడుకున్న వీపు కూడా గుర్తొచ్చింది.

“నాకు తెలుసు సార్. నేను దాదర్‌లో పుట్టలేదు, కామాటిపురాలో పుట్టిన. నా పేరు భూదేవి.” ఎప్పుడూ ఆఫీసులో దొర్లని యాస ఆమె నోట్లోంచి దానంతట అదే వచ్చింది. “బాలనర్సయ్య మా నాయిన.”

అనేశాక ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఇంత చిన్న మాట కోసమా రెండేళ్ళు దొంగలా బతికాను అనుకుంది.

శంకర్రావు కుర్చీలో వెనక్కి వాలాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అందుకే భూదేవికి భయమేసింది.

“అయితే నిన్న ఎవరూ లేనప్పుడు వచ్చావు. ఒక్కదానివే కూర్చున్నావు. ప్రోగ్రాం మార్చావు. ఇవాళొచ్చి తప్పు ప్రోగ్రాందే అంటున్నావు. చెప్తున్నది ఎవరు? అతని కూతురు. అదీ రెండేళ్ళుగా పేరూ ఊరూ దాచి ఉద్యోగం చేస్తున్న కూతురు.”

“సార్!”

“నేననడం లేదమ్మా. ఆసుపత్రి వాళ్ళు అంటారు. పోలీసులు అంటారు. తండ్రి పాడుచేశాడు, కూతురు కప్పిపుచ్చింది అంటారు. ఇద్దరినీ కలిపే తీసుకుపోతారు.”

“మీ బీరువాలో పాత టేపు ఉంది కదా సార్! అది ఎక్కించండి. డిస్కు తీసేసి అందరి ముందర నడపండి. నేను దూరం నిలబడ్త. మెషీన్ ఆగకపోతే నన్నే పట్టివ్వండి.”

శంకర్రావు చూపు బీరువా వైపు పోయి, వెంటనే వెనక్కి వచ్చింది.

“ఏ టేపు?” అన్నాడు.

భూదేవి దిద్దడానికి పడిన తొందరలో తన సాక్ష్యాన్ని తానే చెరిపేసుకుంది. తప్పు ఎట్లా జరిగిందో చూపించేది ఇప్పుడు ఈ మెషీన్‌లో ఎక్కడా లేదు. ఆమె మాట ఒక్కటే మిగిలింది. ఆ మాట విలువ కూడా కాస్త ముందు ఆమే పోగొట్టుకుంది.

తలుపు దగ్గర అలికిడైంది. బాలనర్సయ్య నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, టోపీ చేతిలో నలుగుతోంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

“ఆసుపత్రోళ్ళు వచ్చిండ్రు సాబ్. కింద కారు దిగుతున్నరు.”

శంకర్రావు లేచాడు. కాసేపు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

“బాలనర్సయ్యా, నిజం చెప్పు. ఈ అమ్మాయి నీకు ఏమవుతుంది?”

బాలనర్సయ్య కూతురి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేడు.

“ఏం గాదు సాబ్.”

“నాయినా!” అంది భూదేవి.

“మేడమ్‌కు నా మీద దయ ఎక్కువ సాబ్. మా దిక్కు మాట జర ఎరుక. నన్ను ఇడిపియ్యాలని అట్ల అన్నది. నాకు బిడ్డలు లేరు సాబ్.”

శంకర్రావు పెద్దగా ఊపిరి వదిలాడు. ఆయనకు కావలసిన దారి ఆయన అడగకుండానే దొరికింది.

“చూశావా దేవీ? పనెక్కువై నీకు మతి స్థిమితంగా లేదు. వెళ్ళి నీ చోట కూర్చో. ఈ గదిలో మనం ఏమీ మాట్లాడుకోలేదు.”

“ఆయన అబద్ధం చెప్తున్నడు సార్. నా కోసం చెప్తున్నడు.”

“వెళ్ళి కూర్చోమన్నాను.”

మెట్ల మీద బూట్ల చప్పుడు పైకి వచ్చేసింది. శంకర్రావు ముఖానికి నవ్వు తగిలించుకొని ఎదురెళ్ళాడు. బాలనర్సయ్య టోపీ పెట్టుకొని ఆయన వెనకాలే నడిచాడు, ఇటుకలు మోసినప్పటిలాగే కొంచెం వంగి. ఆసుపత్రి పెద్ద డాక్టరుకు నమస్కారం పెట్టాడు. అందరూ కలిసి కంప్యూటర్ గది వైపు కదిలారు.

భూదేవి గదిలోంచి బయటికి వచ్చింది. హాల్లో ఆపరేటర్లందరూ తలలెత్తి చూస్తున్నారు. ఇప్పుడు ఊరుకుంటే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. తండ్రి కోరుకున్నదీ అదే. పిలిస్తే, ఆయన అబద్ధం చెప్పాడని ఊరందరి ముందు ఆమే రుజువు చేసినట్టవుతుంది. పోలీసులు ఇద్దరినీ తీసుకుపోతారేమో కూడా. అయినా గొంతు ఆగలేదు.

“నాయినా! ఒప్పుకోకు నాయినా!”

బాలనర్సయ్య ఆగలేదు. ఇంకెవరినో పిలిచినట్టు, తనకేం సంబంధం లేనట్టు, తల వంచుకొని నడుస్తూనే ఉన్నాడు.

ఆయన పక్కన నడుస్తున్న డాక్టరు మాత్రం ఆగాడు. వెనక్కి తిరిగి భూదేవిని పరీక్షగా చూశాడు.

“కిస్కో బులాయా?” అని అడిగాడు, ఎవరిని పిలిచావని.